పరాసులంకలో సమీప భవిష్యత్తు

పరాసులంకకీ ఫ్రెంచివాళ్ళకీ ఉన్న సంబంధం గురించి ఊళ్ళో రెండు అభిప్రాయాలున్నాయి. రెండున్నర శతాబ్దాల క్రితం వాళ్ళు ఇక్కడ బట్టల గిడ్డంగి కట్టుకుని పదకొండేళ్ళు వ్యాపారం చేశారన్నది ఒకటి. వాళ్ళ ఓడ దారి తప్పి ఇసుకలో కూరుకుపోతే బయటికి లాగడానికి పదకొండేళ్ళు పట్టిందన్నది రెండోది. ఏదైతేనేం, ఆ పదకొండేళ్ళ పుణ్యమా అని కాలువ అవతలి మునిసిపల్ బడిలో ఇప్పటికీ ఫ్రెంచి చెబుతారు. చెప్పేది పల్లా ఫిలోమినా టీచరు.

ఫిలోమినా టీచరుకి ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఒక ఎర్ర పెన్ను, ఒక అలవాటు ఉన్నాయి. పిల్లలు రాసిన వాక్యం సరిగ్గా ఉంటే పక్కన టిక్కు పెట్టి, చాలా బాగుందనే అర్థంలో "త్రె బియాఁ" అని రాసి, కింద సంతకం చేసి తేదీ వేస్తుంది. సంతకం లేకపోతే ఆ టిక్కు పిల్లలే పెట్టుకున్నారని తల్లిదండ్రులు తగువుకొస్తారని ఆవిడకి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే తెలిసొచ్చింది. అప్పట్నుంచి సరైన వాక్యం కనబడితే ఆవిడ చెయ్యి ఆగదు. ఈ కథంతా ఆ చెయ్యి తెచ్చిపెట్టిందే.

ఆగస్టు వరదకి కాలువ మీది కాలినడక వంతెన కొట్టుకుపోయింది. పిల్లలు బడికి రావాలంటే లాకుల దాకా పోయి చుట్టూ తిరిగి నాలుగు కిలోమీటర్లు నడవాలి. జూన్‌లో నలభై ముగ్గురున్న బడి సెప్టెంబరుకి ముప్ఫై ఒకటికి దిగింది. డిసెంబరు ముప్ఫై ఒకటిన లెక్కపెట్టినప్పుడు ఇరవై మందికి తగ్గితే బడి మూసేసి పిల్లల్ని పక్క ఊళ్ళో కలిపేస్తామని విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది. పక్క ఊళ్ళో ఫ్రెంచీ లేదు, ఫ్రెంచి టీచరుకి చోటూ లేదు. ఆవిడ వంతెన కోసం మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకుని, రోజూ పొద్దున ఊపిరి బిగబట్టి హాజరు పిలిచేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఫ్రాన్సులో ఏదో ఊరు పరాసులంకతో స్నేహ ఒప్పందం చేసుకోవడానికి ముచ్చటపడుతోందట. ఆ ఊరి బృందం వచ్చేలోగా సిబ్బంది అంతా ఫ్రెంచి నేర్చుకోవాలి. "అయితే కాలవ్యవధి స్వల్పమగుటచే మొత్తం భాష అసాధ్యమని భావించి, ఏదేని ఒక్క కాలము మాత్రము నేర్చుకొనినచో చాలునని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఏ కాలమన్నది స్థానిక అధికారి విచక్షణకు వదలబడినది."

కమిషనర్ చిట్టూరి దక్షిణామూర్తి తన విచక్షణని పిలిపించాడు. అంటే, ఫిలోమినా టీచర్ని పిలిపించాడు. గదిలో ఆయన పక్కన ఆఫీసు మేనేజర్ గవర్రాజు, ఇంజనీరు నూకరాజు కూర్చుని ఉన్నారు.

"చూడండమ్మా," అన్నాడు కమిషనర్, "మీ భాషలో కాలాలు ఎన్ని ఉన్నాయో, అందులో మా సంస్థ అవసరాలకి తగినది ఏదో సెలవివ్వండి. ముందు భూతకాలం సంగతేమిటి?"

"చేసేసిన పని గురించి చెప్పడానికండీ."

"చేసేశామంటే ఎక్కడ చేశారో చూపించమంటారండీ," అన్నాడు నూకరాజు నెమ్మదిగా. "ఆడిట్ వాళ్ళకైనా చూపించలేకపోతున్నామండీ, మళ్ళీ ఫ్రెంచోళ్ళక్కూడానా?"

"అయితే వర్తమానం?"

"ఇప్పుడు చేస్తున్న పనికండీ," అంది టీచరు.

"బాబోయ్, అది ఇంకా ప్రమాదమండీ," అన్నాడు గవర్రాజు. "చేస్తన్నామంటే ఇప్పుడే వచ్చి చూస్తామంటారండీ జనం."

ఇక మిగిలింది భవిష్యత్తు. ఫ్రెంచిలో మామూలు భవిష్యత్తుకి ప్రతి మనిషికీ క్రియ చివర మారుతుందనీ, కొన్ని క్రియలైతే గుర్తు పట్టలేనంతగా మారిపోతాయనీ టీచరు చెప్పింది. పని రూపమే మారిపోతే అంచనాలు మళ్ళీ వేయాలని నూకరాజు అభ్యంతరం చెప్పాడు.

"పోనీ సమీప భవిష్యత్తు ఉందండీ," అంది టీచరు. "త్వరలో చేయబోతున్నాం అనడానికి. ఇది చాలా తేలిక. 'వెళ్ళడం' అన్న ఒక్క క్రియని మార్చుకుంటే చాలు. నేను వెళ్తున్నాను, నువ్వు వెళ్తున్నావు, మేం వెళ్తున్నాం, అంతే. దాని పక్కన అసలు పని పెట్టెయ్యడమే. ఎవరు చేసినా, ఎంతమంది చేసినా, ఆ అసలు పని ఉన్నదున్నట్టు ఉంటుందండీ. దాన్ని కదపక్కర్లేదు."

కమిషనర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అసలు పనిని..."

"ముట్టుకోకూడదండీ. ముట్టుకుంటే తప్పు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గవర్రాజు కళ్ళు చెమర్చాయి. ముప్ఫై ఏళ్ళుగా తాను ఏ భాషలో పనిచేస్తున్నాడో ఆయనకి ఇన్నాళ్ళకి తెలిసింది.

"అమ్మా, ఇది మా సంస్థ కోసమే పుట్టిన కాలం," అన్నాడు కమిషనర్. "రేపటి నుంచే తరగతులు ప్రారంభించండి. వంతెన సంగతి నాకు వదిలేయండి."

ఆ చివరి మాట కోసం టీచరు ఒప్పుకుంది. ఇంకొకరైతే ఆ మాట ఎన్నోసారి వింటున్నామో లెక్కేసుకునేవారు. టీచర్లు పాపం, ఎదుటివాడు నేర్చుకుంటానంటే చాలు, లెక్కలు మర్చిపోతారు.

తరగతులు కౌన్సిల్ హాల్లో పొద్దున పదకొండింటికి పెట్టారు. తెలుగువాళ్ళు ఎప్పుడో వదిలేసిన అరసున్న అక్కడ మళ్ళీ పనికొచ్చింది. "జ వే, త్యు వా, ఇల్ వా, ను జలోఁ, వు జలే, ఇల్ వోఁ" అని శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి అటెండర్ దాకా అందరూ కోరస్‌గా వల్లించేవారు. 'వెళ్ళడం' అన్న క్రియ ఆ ఆఫీసులో అందరికీ ముందే బాగా వచ్చు కాబట్టి వారంలో పట్టేశారు. టీ తాగడానికి లేచేవాడు కూడా "జ వే" అని చెప్పి మరీ లేచేవాడు.

తర్వాత ఇంటిపని. రోజుకి తలా పది వాక్యాలు రాయాలి. వాక్యాలకి విషయం ఎక్కడ దొరుకుతుందని అందరూ తలలు పట్టుకుంటే గవర్రాజుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. బీరువాలో మూలుగుతున్న అర్జీలు పంచిపెట్టాడు. కుళాయి నీళ్ళు రావటం లేదన్న అర్జీ అందుకున్నవాడు 'మేము నీళ్ళు ఇవ్వబోతున్నాము' అని ఫ్రెంచిలో రాశాడు. వీధి దీపం అర్జీ అందుకున్నావిడ 'మేము దీపం వెలిగించబోతున్నాము' అని రాసింది. టీచరు నోటుపుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి దిద్దింది. పెద్దవాళ్ళు ఇంత శ్రద్ధగా రాస్తుంటే ఆవిడకి చెప్పలేనంత సంతోషంగా ఉండేది.

కమిషనర్ పుస్తకంలో ఏడో వాక్యం దగ్గర ఆగి ఆవిడ మళ్ళీ చదివింది. "ను జలోఁ కోఁస్ట్రుయిర్ ల పోఁ." మేము వంతెన కట్టబోతున్నాము. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ సంతోషంలో ఆవిడ ఒకటి కాదు, రెండు టిక్కులు పెట్టింది. త్రె బియాఁ. సంతకం. తేదీ.

పది రోజుల తర్వాత ఆవిడకి పోస్టులో కవరొచ్చింది.

"తమరి అర్జీని కూలంకషంగా పరిశీలించి పరిష్కరించడమైనదని తెలుపుటకు సంతసించుచున్నాము. పరిష్కార వాక్యము జతపరచడమైనది. సదరు వాక్యము సరిగానున్నదని అర్జీదారు స్వయముగా, స్వహస్తముతో, రెండు పర్యాయములు ధ్రువీకరించి సంతకము చేసియున్నందున అర్జీ మూసివేయడమైనది."

ఆ పొద్దున హాజరు ఇరవై ఆరు. టీచరు కవరు పట్టుకుని, నాలుగు కిలోమీటర్లు చుట్టూ నడిచి, ఆఫీసుకెళ్ళి గవర్రాజు బల్ల ముందు నిలబడింది.

"గవర్రాజు గారూ, ఇదేంటండీ?"

"మీ అర్జీకి పరిష్కారమండీ."

"మరి వంతెనేదండీ?"

"అదేటండీ టీచర్ గారూ, చదువుకున్నోరు మీరు కూడా అలాగంటే ఎలాగండీ?" గవర్రాజు నిజంగానే నొచ్చుకున్నాడు. "పరిష్కారమంటే వంతెన కాదండీ. అర్జీకి జవాబెళ్ళడమండీ. జవాబు మీకు అర్థమయ్యిందా లేదా?"

"అయింది."

"తప్పులేవన్నా ఉన్నాయా?"

టీచరు కాగితం వంక చూసింది. "లేవు," అంది.

"ఆయ్, మరింకేటండీ! మీకు తెలుసా, మూడొందల పన్నెండు అర్జీలు పది రోజుల్లో తేల్చేశామండీ. అన్నిటి మీదా మీ సంతకమేనండీ."

అప్పుడు చూసింది ఆవిడ గోడ మీది బ్యానర్‌ని. 'పెండింగ్ సున్నా! పరాసులంక పురపాలక సంఘం' అని గజమంత అక్షరాలతో ఉంది. టీచరుకి కోపం వచ్చింది. దానికంటే ఎక్కువగా సిగ్గేసింది. ఊళ్ళో మూడొందల పన్నెండు ఇళ్ళకి నీళ్ళూ దీపాలూ రాకుండా చేసింది తన ఎర్ర పెన్నే అనుకుంది. ఆ మర్నాటి నుంచి జనం ఫ్రెంచి కాగితాలు పట్టుకుని, చదివి చెప్పమని, బడి దాకా నడిచొచ్చారు. ఆవిడ ఒక్కొక్కటే చదివి చెప్పింది. ఇస్తారట. వేస్తారట. తవ్వుతారట. అందరూ ఎంతో మర్యాదగా దండం పెట్టి వెళ్ళారు. ఒక్క రిటైర్డు పోస్టుమాస్టరు మాత్రం ఊరుకోలేదు. 'సమీప భవిష్యత్తు అన్నారు, ఎంత సమీపం?' అని కార్డు రాశాడు.

దాని మీద ముగ్గురితో కమిటీ వేశారు. కమిటీ నాలుగు సార్లు కూర్చుంది. సమీపాన్ని రోజుల్లో కొలవాలని గవర్రాజు, మీటర్లలో కొలవాలని నూకరాజు పట్టుబట్టారు. చివరికి నివేదిక వచ్చింది. "సమీపమనగా దూరము కానిది. దూరమనగా సమీపము కానిది. ఈ రెంటి నడుమ సరిహద్దును సర్వే విభాగమువారు నిర్ణయించబోవుచున్నారు." ఆ చివరి వాక్యం రాసినందుకు కమిటీని అందరూ మెచ్చుకున్నారు.

ఇంతలో ఫ్రెంచి ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. ఎంతో స్నేహంగా, బంగారు అంచున్న కాగితం మీద, "మేము రాబోతున్నాము" అని ఉంది. తేదీ లేదు. కమిషనర్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "వాళ్ళూ మనవాళ్ళేనయ్యా," అన్నాడు.

పెండింగ్ సున్నా సంగతి రాజధాని దాకా పాకింది. ఈ పద్ధతిని అన్ని పురపాలక సంఘాల్లోనూ అమలు చేయబోతున్నామని డైరెక్టరేట్ ప్రకటించింది. దానికి ముందడుగుగా, పరాసులంకలో పదోన్నతి కావాలన్న ప్రతివాడూ 'సమీప భవిష్యత్ ప్రావీణ్య పరీక్ష' ప్యాసవ్వాలని ఉత్తర్వు వేసింది. దక్షిణామూర్తి రీజనల్ డైరెక్టర్ పదవికి అర్హుల జాబితాలో మొదట ఉన్నాడు. గవర్రాజు, నూకరాజు కూడా తలో మెట్టు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. పేపరు పెట్టేదీ దిద్దేదీ విషయ నిపుణురాలు పల్లా ఫిలోమినా. ఆవిడ దిద్దింది ఆవిడ తప్ప ఇంకెవరూ మార్చడానికి వీల్లేదని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. ఉత్తర్వులు రాసేవాళ్ళు ఒక్కోసారి అలా మంచి పనులు కూడా చేస్తారు, చూసుకోకుండా.

పరీక్ష నవంబరు ఇరవై ఎనిమిదిన జరిగింది. ఆ పొద్దున బడి హాజరు ఇరవై ఒకటి. ఒకే ప్రశ్న ఇచ్చింది టీచరు. 'మీరు ఊరికి చేయబోతున్న పని ఒకటి రాయండి.' పది నిమిషాల్లో అందరూ రాసిచ్చేసి జ వే అంటూ టీకి వెళ్ళిపోయారు.

ఆవిడ పేపర్లు ముందేసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చెయ్యి దురద పుట్టినట్టు లాగుతోంది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చుంది. అలా కూర్చుని ఉండగా నూకరాజు గది గోడ మీది బోర్డు గుర్తొచ్చింది. 'క్షేత్ర పరిశీలన జరపకుండా ఏ పనినీ పాస్ చేయరాదు.' కాంట్రాక్టర్ల కోసం పెట్టిన బోర్డది. ఆవిడ ఎర్ర పెన్ను మూతపెట్టి, నీలం పెన్ను తీసింది.

మర్నాడు ఫలితాలు నోటీసు బోర్డులో పెట్టారు. ప్యాస్ లేదు, ఫెయిల్ లేదు. ప్రతి పేరు ఎదురుగా ఒకే మాట ఉంది: 'క్షేత్ర పరిశీలన నిమిత్తం పెండింగ్.'

పెండింగ్! ఆ మాట చూసి గవర్రాజు గోడ పట్టుకున్నాడు. సరిగ్గా దాని పైనే పెండింగ్ సున్నా బ్యానర్ వేలాడుతోంది.

కమిషనర్ ఆవిణ్ణి పిలిపించాడు. గొంతులో తేనె, కళ్ళలో కంగారు. "ఏమిటమ్మా ఇది? నా వాక్యంలో దోషముందా?"

"లేదండీ."

"మరి టిక్కు?"

"తమరు వంతెన కట్టబోతున్నామని రాశారు కదండీ. అది సమీప భవిష్యత్తో, ఊరికే రాసిన వాక్యమో ఇక్కడ కూర్చుని ఎలా చెప్పనండీ? నూకరాజు గారు మాత్రం కొలవకుండా బిల్లు పాస్ చేస్తారా? నేనూ అంతేనండీ. వంతెన మీద నడిచి చూసి టిక్కు పెడతాను."

"కానీ మీ అర్జీ మూసేశాం కదమ్మా! మూసిన అర్జీకి ఫైలుండదు. ఫైలు లేకుండా పనెలా?"

"అది తమ విచక్షణండీ," అంది టీచరు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఏ పిల్లాణ్ణీ ఇంత శాంతంగా నించోబెట్టలేదు.

మూడు రోజులు ఆఫీసు ఉడికిపోయింది. ఆవిణ్ణి మార్చాలంటే ఉత్తర్వు అడ్డం, ఉత్తర్వు మార్చాలంటే అందుకు పంపే ఫైలు మీద 'పెండింగ్' అని రాయాలి, రాస్తే బ్యానర్ దింపాలి. నాలుగో రోజున నూకరాజు కమిషనర్ గదిలోకి వచ్చి తలుపేశాడు.

"సార్, రాత్రంతా ఆలోచించానండీ. ఫైలు లేదని మనం బాధపడతన్నాం. ఫైలు లేకపోతే దాని మీద కొర్రీలు రాసేవాడు కూడా ఉండడండీ. వాటర్ వర్క్స్ యార్డులో ఇనుప దూలాలు పదేళ్ళ నుంచి పడున్నాయి. చెక్కలున్నాయి. మనుషులున్నారు. ఎవరి సంతకం అక్కర్లేదండీ, కట్టెయ్యొచ్చండీ!" ఇంజనీరుగా పాతికేళ్ళు చేసి ఒక పని ఎంత తేలికో ఆయనకి మొదటిసారి తెలిసింది, తెలిసి భయం వేసింది.

పదిహేడు రోజుల్లో వంతెన లేచింది. వాటర్ వర్క్స్ మనుషులు, శానిటరీ సిబ్బంది, ప్రమోషన్ మీద కన్నున్న గుమాస్తాలు, అందరూ ఓ చెయ్యి వేశారు. పన్లో పనిగా పంప్ ఆపరేటర్ తన వాక్యం ప్రకారం కుళాయిలు బాగుచేశాడు. వీధి దీపాలావిడ నిచ్చెన వేయించుకుని దగ్గరుండి బల్బులు మార్పించింది. ఎవరు రాసిన వాక్యం వాళ్ళ మెడకి చుట్టుకుంది మరి. ఊరికేమైందో ఊరికి అర్థం కాలేదు. రిటైర్డు పోస్టుమాస్టరు ఇంట్లో కుళాయి తిప్పి, నీళ్ళు రాగానే భయపడి కట్టేశాడు.

వంతెన పూర్తయిన రోజున ఫిలోమినా టీచరు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి నడిచింది. నడుమ ఆగి రెండు సార్లు గట్టిగా ఎగిరి చూసింది. ఏమీ కదల్లేదు. కమిషనర్ జవాబు పత్రం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. వంతెన మధ్యలో, కమ్మీ మీద కాగితం ఆనించి, ఆవిడ ఎర్ర పెన్ను తీసి టిక్కు పెట్టింది. త్రె బియాఁ. సంతకం. తేదీ. ఆవిడకి ఏడుపొచ్చింది. కమిషనర్‌కి కూడా వచ్చింది, ఆయన కారణాలు వేరు.

డిసెంబరు ముప్ఫై ఒకటిన లెక్కపెట్టడానికి వచ్చిన అధికారికి బడిలో ముప్ఫై ఆరుగురు కనిపించారు. కొందరు వంతెన కొత్తగా ఉందని రెండుసార్లు అటూ ఇటూ నడిచి మరీ వచ్చారు. బడి మూసే కాగితం ఆయన సంచిలోనే ఉండిపోయింది.

న్యాయంగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ శిలాఫలకం లేకుండా పరాసులంకలో ఏ పనీ పూర్తయినట్టు కాదు. ఫ్రెంచివాళ్ళు రాబోతున్నారు కాబట్టి ఫలకం ఫ్రెంచిలో ఉండాలన్నారు. వంతెన గురించి నిపుణురాలు ధ్రువీకరించిన ఫ్రెంచి వాక్యం ఆఫీసులో ఒక్కటే ఉంది. గవర్రాజు కమిషనర్ జవాబు పత్రాన్ని శిల్పికి ఇచ్చి, ఉన్నదున్నట్టు దించమన్నాడు. శిల్పి నమ్మకస్తుడు. ఉన్నదున్నట్టే దించాడు.

జనవరిలో బడి తెరిచిన రోజున పిల్లలంతా ఫలకం చుట్టూ మూగారు. ఎనిమిదో తరగతి కరుణ కూడబలుక్కుని చదివింది. "ను జలోఁ కోఁస్ట్రుయిర్ ల పోఁ." మేము వంతెన కట్టబోతున్నాము.

"టీచర్, మనం నించుంది వంతెన మీదే కదండీ?"

"అవునమ్మా."

"మరి కట్టబోతున్నామని రాశారేంటండీ? తప్పు కదండీ?"

టీచరు నోరు తెరిచింది. అప్పుడు కనబడింది, వాక్యం కింద. నల్లరాతి మీద ఎర్ర రంగు నింపిన పెద్ద టిక్కు, త్రె బియాఁ, తన సంతకం, తేదీతో సహా. తన చేతి వంకరలు కూడా ఎక్కడా పోలేదు. కరుణ వేలు దాని మీద పెట్టి ఆవిడ వంక చూస్తోంది.

"పదండి పదండి, బెల్లయింది," అంది ఫిలోమినా టీచరు. పిల్లలు చెక్కల మీద దడదడమని పరిగెత్తుతుంటే వెనకాల నడుస్తూ లెక్కపెట్టుకుంది. ముప్ఫై ఎనిమిది మంది.

క్లాసులోకి వెళ్ళి సుద్దముక్క తీసుకుని, సిలబస్‌లో మార్చిలో రావలసిన భూతకాలం ఆ రోజే మొదలుపెట్టింది. మొదటి వాక్యం బోర్డు మీద తానే రాసింది. 'వాళ్ళు వంతెన కట్టారు.' పిల్లలు పుస్తకాల్లో రాసుకుని తెచ్చి వరసగా చూపించారు. ఆవిడ ఒక్కొక్కరిదీ చదివి, కిటికీలోంచి కాలువ వైపు ఒకసారి చూసుకుని, అప్పుడు టిక్కు పెట్టింది.